మనవడి టైమ్‌టేబుల్లో అమ్మమ్మ మాత్రకు చోటేది?

ఉదయం ఆరున్నరకు అమ్మమ్మ షుగరు మాత్ర వేసుకుంటారు. ఏడున్నరకు మనవడి స్కూలు వ్యాను. ఈలోగా వాణ్ని లేపాలి, పళ్లు తోమించాలి, స్నానం చేయించాలి, ఇడ్లీ ముక్క నోట్లో పెట్టి మింగేదాకా ఇల్లంతా వెంట తిరగాలి, రెండో సాక్సు ఎక్కడుందో వెతకాలి. వ్యాను ఎక్కించి మూడో అంతస్తుకు వచ్చేసరికి చిన్నది లేచి ఏడుస్తుంటుంది. దానికి పాలు, డైపరు. తీరా తను టిఫిను ముందు కూర్చునేసరికి తొమ్మిదిన్నర. అప్పటికే వేళ్లు వణుకుతుంటాయి, మెడ మీద చల్లటి చెమట పట్టి ఉంటుంది. ‘నీరసం, కాసేపు కూర్చుంటే అదే సర్దుకుంటుంది’ అనుకుంటారు. అది నీరసం కాకపోవచ్చు, రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు కడుపులో తిండి ఉన్నా లేకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి. మాత్రకూ టిఫినుకూ మధ్య మూడు గంటలు ఖాళీ వస్తే చక్కెర 70 కిందికి దిగే ప్రమాదం ఉంది.

మనవలను చూసుకునే పెద్దల ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడు గంటల దగ్గరే మొదలుపెట్టాలి. పసిపిల్లల వల్ల పెద్దవాళ్లకు జబ్బులు రావు. పిల్లల వేళలు వచ్చి పెద్దల వేళలను తోసేయడం వల్ల ఉన్న జబ్బులు ముదురుతాయి. టిఫిను వెనక్కి పోతుంది. సాయంత్రం నడక ఆగిపోతుంది. మధ్యాహ్నం కునుకు మనవరాలి కునుకును బట్టి వస్తుంది, ఒక్కోరోజు అసలు రాదు. బాత్‌రూముకు వెళ్లడం కూడా ‘వీడు పడుకున్నాక’ అని వాయిదా పడుతుంది. మూడు నెలలకోసారి చేయించుకోవాల్సిన రక్తపరీక్ష ఏడాదికి పోతుంది. భారత ప్రభుత్వం 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందికి పైగా మనుషులతో చేయించిన లాసీ సర్వే ప్రకారం, అరవై దాటినవారిలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘకాలిక జబ్బు ఉంది. కాబట్టి మనవణ్ని ఎత్తుకున్న చేతుల్లో చాలావరకు బీపీనో షుగరో మోకాళ్ల నొప్పో ఉన్న చేతులే.

ఎన్ని గంటలు?

మనవలతో గడపడం మంచిదా, చెడా అన్న ప్రశ్నకు పరిశోధనలు ఒకదానికొకటి విరుద్ధంగా జవాబు చెప్పినట్టు కనిపిస్తాయి. బెర్లిన్‌లో 70 ఏళ్లు దాటిన అయిదు వందల మందికి పైగా పెద్దలను ఏళ్ల తరబడి గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పుడప్పుడూ మనవలను చూసుకునేవారికి అసలు చూసుకోనివారి కంటే మరణ ప్రమాదం 37 శాతం తక్కువగా కనిపించింది. 2003లో వెలువడిన అమెరికన్ నర్సుల అధ్యయనం మాత్రం వేరే మాట చెప్పింది. 54 వేల మందికి పైగా మహిళలను పరిశీలిస్తే, వారానికి 9 గంటలు, అంతకు మించి మనవలను చూసుకున్నవారిలో గుండె జబ్బు ముప్పు ఒకటిన్నర రెట్లు ఉంది. ఆస్ట్రేలియాలో 57 నుంచి 68 ఏళ్ల మహిళలకు పెట్టిన జ్ఞాపకశక్తి పరీక్షల్లో వారానికి ఒక రోజు మనవలను చూసుకునే అమ్మమ్మలు అందరికంటే బాగా చేశారు. అయిదు రోజులు, అంతకు మించి చూసుకునేవారు ఒక పరీక్షలో వెనకబడ్డారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే వైరుధ్యం పోతుంది. బెర్లిన్ లెక్కలో పిల్లల పూర్తి బాధ్యత మోసేవారిని చేర్చలేదు. అక్కడ మంచి చేసింది ‘అప్పుడప్పుడూ’ అన్న మాట. ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఒంట్లో ఓపిక ఉన్నవారే మనవలను చూసుకోవడానికి ముందుకొస్తారు కనుక, ఆరోగ్యం వల్ల ఆ పని దక్కిందా, ఆ పని వల్ల ఆరోగ్యం దక్కిందా అన్నది ఇలాంటి అధ్యయనాలు పూర్తిగా తేల్చలేవు. అయినా మోతాదు ముఖ్యమన్న సంగతి మూడింట్లోనూ కనిపిస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ల లెక్క. హైదరాబాదు కొండాపూర్‌లోనో విశాఖ మధురవాడలోనో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేసే ఇంట్లో, ఉదయం ఎనిమిదికి వెళ్లి రాత్రి ఏడుకు వస్తే రోజుకు 11 గంటలు, వారానికి 55. నర్సుల అధ్యయనం హద్దుగా తీసుకున్న గంటలకు ఇది ఆరు రెట్లు. రాత్రి పసిబిడ్డ నాయనమ్మ పక్కనే పడుకుంటే ఆ నిద్ర చెడిన గంటలు వేరే. ఇంత పని జరుగుతున్నట్టు ఎవరూ లెక్కగట్టరు, ఎందుకంటే దానికి పని అన్న పేరే లేదు. ‘అమ్మ ఇంట్లోనే ఉంటుంది’ అంటారు.

అందుకే మొదట చేయాల్సింది ఒక వారం గంటలు రాసి చూడటం. క్యాలెండరు వెనక చాలు. బిడ్డ బాధ్యత తన ఒక్కదాని మీద ఉన్న గంటలు ఒక వరసలో, రాత్రి లేచినసార్లు ఇంకో వరసలో, తను అన్నం తిన్న వేళ మూడో వరసలో. ఇంట్లో అందరూ ఆ కాగితం చూస్తే, ‘అలసిపోతున్నాను’ అని నోరు తెరిచి చెప్పడానికి మొహమాటపడే మనిషి తరఫున అదే మాట్లాడుతుంది.

భారం తగ్గించేటప్పుడు కుటుంబాలు ఒక పొరపాటు చేస్తుంటాయి. బిడ్డను చూసుకోవడానికి ఆయాను పెట్టి, వంట, గిన్నెలు, బట్టలు అత్తగారికో అమ్మకో వదిలేస్తాయి. జరగాల్సింది దీనికి తిరగేసి. వంటా గిన్నెలూ బయటి మనిషికి ఇస్తే పెద్దావిడకు బిడ్డతో ఆడుకునే భాగం మిగులుతుంది. ఒంటికీ మనసుకూ మేలు చేసేది ఆ భాగమే. బిడ్డకు రెండున్నర, మూడేళ్లు వస్తే ప్లేస్కూలు లేదా అంగన్‌వాడీ కనీసం మూడు గంటలు ఇంట్లో ఊపిరి పీల్చుకోనిస్తుంది. యాభై మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని సవరించి నియమం పెట్టారు. ఆఫీసులో అది ఉందా అని అడిగే తల్లిదండ్రులు తక్కువ. ఇంట్లో అమ్మమ్మ ఉన్నంతకాలం అడగాల్సిన అవసరమే తోచదు.

కాళ్ల మీద స్నానం, చంకన బరువు

పురిటి బిడ్డకు నీళ్లు పోయడం అమ్మమ్మల చేతి విద్య. పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి దగ్గరగా పెట్టి, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోస్తారు. బిడ్డకు హాయిగా ఉంటుంది, కాసేపట్లో కళ్లు మూతలు పడతాయి. అరవై దాటిన నడుముకు మాత్రం ఇంతకు మించిన కష్టం లేదు. కాళ్లు నిటారుగా చాపినప్పుడు తొడ వెనక కండరాలు బిగిసి కటిని వెనక్కి లాగుతాయి. అదే భంగిమలో పాదాల వైపు వంగి ఇరవై నిమిషాలు రుద్దితే బరువంతా నడుం కింది డిస్కుల మీద పడుతుంది. తర్వాత నూనె, సబ్బు కలిసిన నేల మీద, జారే బిడ్డను పట్టుకుని పైకి లేవాలి. నడుం పట్టేసేది ఎక్కువగా ఆ లేచే క్షణంలోనే.

ఈ స్నానం మానేయమని చెప్పక్కర్లేదు, పద్ధతి మార్చాలి. పీటకు బదులు జానెడు ఎత్తు స్టూలు, వీపుకు గోడ, మోకాళ్ల కింద చుట్టిన తువ్వాలు, నేల మీద రబ్బరు చాప. బకెట్టు పక్కకు తిరగాల్సిన చోట కాకుండా చేతికి అందే చోట. అన్నిటికంటే ముఖ్యంగా నీళ్లు అందించడానికి, స్నానం అయ్యాక బిడ్డను ఎత్తి తీసుకోవడానికి రెండో మనిషి. తాతయ్య ఆ పని నిక్షేపంగా చేయగలరు. మూడో నెల నిండేసరికి బిడ్డ ఆరు కిలోలకు దగ్గరవుతుంది. అప్పటి నుంచి నడుమెత్తు బల్ల మీద టబ్బు పెట్టి నిలబడి పోయడమే మేలు. ఒక చెయ్యి మాత్రం బిడ్డ మీద నుంచి తీయకూడదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ వేయడం పూర్తిగా మానాలి. మూసిన గదిలో ఆ పొగ బిడ్డ ఊపిరితిత్తులకూ మంచిది కాదు, ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి ఊదిన అమ్మమ్మ ఊపిరితిత్తులకు అసలే కాదు.

ఏడాది బిడ్డ తొమ్మిది, తొమ్మిదిన్నర కిలోలుంటుంది. రెండేళ్లకు పన్నెండు, మూడేళ్లకు పద్నాలుగు. పది కిలోల బిడ్డను నేల మీద నుంచి రోజుకు ముప్పైసార్లు ఎత్తితే మూడు వందల కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు పన్నెండు ఎత్తినట్టు. వంగి, చేతులు చాపి ఎత్తితే ఆ బరువు నడుముకు ఇంకా ఎక్కువగా తగులుతుంది. బిడ్డను ఒంటికి ఆనించుకున్నాకే లేవాలి. మోకాళ్లు సహకరించకపోతే తను మంచం అంచున కూర్చుని పిల్లను ఎక్కి రమ్మనాలి. నడక వచ్చిన పిల్లలకు అది ఆట. ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకునే అలవాటు వల్ల నడుం ఒక పక్కకు లాగేస్తుంది. చెయ్యి మార్చడం, కూర్చున్నాక ఒళ్లోకి తీసుకోవడం, ‘ఎత్తుకో’ అన్న ప్రతిసారీ ఎత్తుకోకుండా వేలు పట్టి నడిపించడం నెమ్మదిగా అలవాటు చేయాలి.

బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన వచ్చే నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బిడ్డ చంకల కింద చేతులు పెట్టి, బొటనవేళ్లు బాగా విప్పి ఎత్తేవారికి అక్కడి స్నాయువుల మీది పొర వాస్తుంది. డీ క్వెర్వైన్ అన్న స్విస్ వైద్యుడి పేరు ఆ జబ్బుకు ఉంది. బొటనవేలిని పిడికిట్లో మూసి మణికట్టును చిటికెన వేలి వైపు వంచితే నొప్పి కరెంటులా లాగుతుంది. బాధపెట్టేది ఎత్తే పద్ధతి గనుక, నొప్పి బిళ్లలు మాత్రమే వేసుకుంటే తగ్గదు. ఒక అరచేయి పిర్రల కింద, ఇంకో అరచేయి వీపు వెనక, వేళ్లన్నీ కలిపి, పార వేసినట్టు ఎత్తాలి. కొన్ని వారాలు బొటనవేలిని కదలనివ్వని పట్టీ వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. నొప్పి మందులను షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగడం బీపీ, షుగరు ఉన్నవారి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

ముట్లుడిగిన మహిళల్లో చాలామందికి ఎముకలు గుల్లబారి ఉంటాయి. పిల్లను ఎత్తిన వెంటనే వీపు మధ్యలో కలుక్కుమని, పడుకున్నా తగ్గని నొప్పి వస్తే అది ‘పట్టేయడం’ కాకుండా వెన్నుపూస నలిగి ఉండొచ్చు. ఎక్స్‌రే తీయించకుండా మాలిష్ చేయించకూడదు. అలాగే మెట్లు ఎక్కేటప్పుడు గుండె బరువెక్కడం, దవడలోకి, ఎడమ చేతిలోకి నొప్పి పాకడం, ఎప్పుడూ లేనంత ఆయాసం వస్తే, గ్యాస్ అని సోడా తాగి కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. ఆడవాళ్లకు గుండెపోటు కొన్నిసార్లు వికారం, విపరీతమైన అలసటగా మాత్రమే కనిపిస్తుంది. ఆ రెండూ చంటిబిడ్డ ఉన్న ఇంట్లో రోజూ ఉండేవే కావడంతో ఎవరికీ అనుమానం రాదు.

మాత్రల డబ్బా

షుగరు పడిపోయినట్టు అనిపిస్తే చేయాల్సింది చిన్న పని, కానీ వెంటనే చేయాలి. మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట ఆగి మళ్లీ చక్కెర చూసుకోవాలి. ఇంకా 70 కింద ఉంటే అదే మోతాదు మళ్లీ. పెరిగాక టిఫినో అన్నమో తినాలి. చాక్లెట్, క్రీము బిస్కెట్లు పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా వదులుతుంది. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ రకం మాత్రలు గానీ వాడేవారు ఒక్కరే బిడ్డతో ఉండే ఇంట్లో పంచదార నీళ్లు కలపడానికి వంటగది దాకా వెళ్లలేని స్థితి రావచ్చు. చిన్న సీసాలో గ్లూకోజు పొడి నడుముకో చీర కొంగుకో అందే చోట ఉండాలి. పక్క ఫ్లాటువాళ్ల నంబరు ఫోనులో మొదటి నంబరుగా ఉండాలి.

ఇంతకన్నా మంచి పరిష్కారం డాక్టరు దగ్గర ఉంది. డాక్టరుకు తమ దినచర్య చెప్పే పెద్దలు చాలా తక్కువ. ‘పొద్దున మనవణ్ని పంపేదాకా నేను తినలేను, తొమ్మిదిన్నరకు తింటాను’ అని చెబితే మాత్రను ఆ వేళకు జరుపుతారు, లేదా చక్కెర అంతగా పడిపోనివ్వని వేరే మందుకు మారుస్తారు. సొంతంగా మానేయడం, సగం చేసుకోవడం వద్దు. ఇంకో సంగతి: పిల్లాడు వదిలేసిన అన్నం, సగం తిన్న దోసె, మిగిల్చిన బిస్కెట్టు పారేయడం ఇష్టంలేక నోట్లో వేసుకోవడం చాలామందికి అలవాటు. తన భోజనం మానేసి ఇవి తినడం, ఇవి తిన్నాక తన భోజనం కూడా తినడం, రెండూ చక్కెర లెక్కను చెడగొడతాయి.

మాత్రల డబ్బా బిడ్డకు అందడం ఇంకా పెద్ద ప్రమాదం. దిండు కింద, ఫ్రిజ్ మీద, టీవీ పక్క స్టీలు డబ్బాలో, ఊరి నుంచి తెచ్చిన చేతిసంచీలో మందులు పెట్టుకోవడం మామూలే. పది కిలోల బిడ్డకు ఒక్క గ్లిమెపిరైడ్, ఒక్క అమ్లోడిపిన్ మాత్ర కూడా ప్రాణాంతకం కావచ్చు. షుగరు మాత్ర మింగిన పిల్లలు గంటల తరబడి మామూలుగానే ఆడుకుంటూ, తర్వాత ఒక్కసారిగా వాలిపోవచ్చు. అందుకని మాత్ర తగ్గిందని తెలియగానే, పిల్ల హుషారుగా ఉన్నా, స్ట్రిప్ చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి. రోజువారీ అరల ప్లాస్టిక్ డబ్బాలు పెద్దల మతిమరుపుకు మంచివే గానీ, వాటి మూతలు రెండేళ్ల పిల్లలు సులువుగా తీస్తారు. తాళం పడే అలమరలో, పెద్దల భుజం కంటే ఎత్తున ఉంచాలి.

పిల్లలు బడి నుంచి తెచ్చే జలుబు, దగ్గు వాళ్లకు నాలుగు రోజులు, డెబ్బై ఏళ్ల మనిషికి నిమోనియాగా మారవచ్చు. ఫ్లూ టీకా ఏడాదికోసారి, న్యుమోకోకల్ టీకా డాక్టరు సలహాతో వేయించుకోవాలి. పురిటి బిడ్డను చూసుకోబోయే పెద్దలు బిడ్డ దగ్గరకు వెళ్లడానికి కనీసం రెండు వారాల ముందు టీడాప్ టీకా వేయించుకుంటే, కోరింత దగ్గు బిడ్డకు అంటించే ప్రమాదం తగ్గుతుంది.

ఆరేసి నెలల వంతులు

కూతురికో కోడలికో పురుడొస్తే మొదటి ఆరు నెలలు ఆడపిల్ల తల్లిదండ్రులు, తర్వాతి ఆరు నెలలు మగపిల్లవాడి తల్లిదండ్రులు అమెరికా వెళ్లడం గుంటూరు, కరీంనగర్, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఊరూరా కనిపిస్తుంది. సందర్శకుల వీసా మీద సాధారణంగా ఆరు నెలలు ఉండనిస్తారు కాబట్టి ఈ వంతులు. ఇక్కడి డాక్టరు చీటీకి అక్కడి మందుల షాపులో మందులు రావు. అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వెంట తెచ్చుకునే మందులకు 90 రోజుల మోతాదును కొలతగా చూస్తుంది. ఆపైన కావలసినవి ఎలా తెప్పించుకోవాలో బయల్దేరేముందే తేల్చుకోవాలి. మందులు అసలు స్ట్రిప్పుల్లోనే, ఇంగ్లీషులో రాసిన చీటీతో, చేతిసంచీలో పెట్టుకోవాలి. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ లగేజీలో వేస్తే గడ్డకట్టి పాడయ్యే ప్రమాదం ఉంది. సందర్శకుల బీమా పాలసీలు చాలావరకు ముందునుంచి ఉన్న జబ్బులకు వర్తించవు. ఆ జబ్బు హఠాత్తుగా ముదిరినప్పుడు మాత్రం కొన్ని పాలసీలు కొంత మొత్తం ఇస్తాయి, అదీ వయసు పరిమితికి లోబడి. కొనేముందు అడగాల్సిన ప్రశ్న ఇది. చౌకగా ఉందని కొంటే గుండెపోటు వచ్చిన రోజు పాలసీ చేతిలో ఉండి కూడా లేనట్టే.

అక్కడ ఒంటిని కంటే మనసును ఎక్కువగా పట్టి పీడించేది బయటికి వెళ్లలేకపోవడం. కారు నడపడం రాదు, నడిచి వెళ్లే దూరంలో గుడి లేదు, మాట్లాడే మనిషి లేదు. న్యూజెర్సీ చలికాలంలో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. పసిబిడ్డతో రోజంతా ఇంట్లో ఒక్కరే ఉంటే ఇంటి నంబరు, వీధి పేరు, అక్కడి అత్యవసర నంబరు 911 ఫ్రిజ్ మీద తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో అంటించి ఉండాలి. కొడుకూ కోడలూ వారాంతంలో షాపింగుకు తీసుకెళ్లడాన్ని విశ్రాంతిగా లెక్కవేస్తారు. విశ్రాంతి అంటే బిడ్డ బాధ్యత ఇంకొకరి చేతుల్లో ఉండగా తనకు నచ్చిన పని చేసుకోవడం. అది వారానికి ఒక పూర్తి రోజు, రోజుకు రెండుసార్లు ముప్పావు గంట చొప్పున ఉండాలి.

పెంపకం తగాదాలు కూడా ఇక్కడే ముదురుతాయి. తేనె నాకించడం, నెలల బిడ్డకు నీళ్లు పట్టడం, మెత్తటి బొంతల మధ్య బోర్లా పడుకోబెట్టడం నాయనమ్మకు మామూలు సంగతులు. నేటి పిల్లల వైద్యులు ఏడాది లోపు తేనె వద్దంటారు, ఆరు నెలల లోపు నీళ్లు వద్దంటారు, నిద్రకు వెల్లకిలా మాత్రమే పడుకోబెట్టమంటారు. వైద్యులు చెప్పేదే సరి. కానీ అది కోడలి నోటి నుంచి ‘మీకు తెలీదత్తయ్యా’ అని వస్తే, ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషికి గుచ్చుకుంటుంది. బిడ్డ చెకప్పుకు అత్తగారినీ తీసుకెళ్లి, ఆ మాట డాక్టరు చేత చెప్పించడం ఎన్నో ఇళ్లలో పనిచేసిన పద్ధతి.

ఇంకో నష్టం గురించి తక్కువగా మాట్లాడతారు. అమ్మమ్మ హైదరాబాదులో మనవరాలి దగ్గర, తాతయ్య ఊళ్లో పొలం దగ్గర. నలభై ఏళ్లు కలిసి బతికినవారు, ఒకరి బీపీ మాత్ర ఒకరు గుర్తుచేసేవారు, సరిగ్గా ఆ తోడు కావలసిన వయసులో విడివిడిగా ఉంటారు. అక్కడ ఆయన పచ్చడి మెతుకులతో సరిపెట్టుకుంటారు, ఇక్కడ ఆవిడ ఆయన గురించి దిగులుపడుతుంది. ఇద్దరినీ కలిపి పిలవగలిగితేనే పిలవాలి. కుదరకపోతే నెలకు వారం రోజులైనా ఆవిడ ఊరికి వెళ్లే ఏర్పాటు, టికెట్లతో సహా, మొదటే జరగాలి.

మన పెద్దవాళ్లు ‘దిగులుగా ఉంది’ అని నోటితో చెప్పడం అరుదు. గుండె దడ, అరికాళ్ల మంట, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం అని చెబుతారు. అన్ని పరీక్షలూ మామూలుగా ఉండి, ఇవి తగ్గకపోతే రెండు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేనట్టు ఎన్ని రోజులు అనిపించింది? దిగులుగా, ఇక లాభం లేదన్నట్టుగా ఎన్ని రోజులు అనిపించింది? సగానికి పైగా రోజులు అంటే డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడతారు. పెద్దల సహాయవాణి 14567.

పిల్లల బరువంతా వీళ్లదే అయినప్పుడు

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో కొడుకు దుబాయిలో ఉంటాడు. రాయచోటి వైపు, కోనసీమలో కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి ఉంటుంది. పాలమూరు తండాల నుంచి తల్లిదండ్రులిద్దరూ పనులకు వలస పోతారు. తల్లి లేదా తండ్రి చనిపోయిన ఇళ్లు వేరే ఉన్నాయి. ఇక్కడ అమ్మమ్మ సాయం చేయడం లేదు, పెంచుతోంది. రోజుకు విరామం అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. తెలంగాణలో రూ.2,016, ఆంధ్రప్రదేశ్‌లో రూ.4,000 పింఛను ఇంట్లో చిల్లర ఖర్చు, మందుల ఖర్చు, మనవరాలి నోటుపుస్తకాల ఖర్చు అన్నీ మోస్తుంది. మూడింట్లో ముందు ఆగిపోయేది మందులే. బీపీ, షుగరు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు, ఆశా కార్యకర్తను అడిగితే పేరు రాయిస్తారు. డెబ్బై నిండితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల దాకా ఆసుపత్రి చికిత్సకు ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి ఉంది. ఆధార్ ఉంటే చాలు.

వీళ్ల నిద్ర చెడగొట్టే ఆలోచన ఒకటే: ‘నాకేమన్నా అయితే ఈ పిల్లలేం కావాలి?’ దానికి ధైర్యం చెప్పే మాటల కంటే కాగితాలు ఎక్కువ పనిచేస్తాయి. తాత, అమ్మమ్మ పెంచుతున్నంత మాత్రాన చట్టం ముందు సంరక్షకులు కారు. తల్లిదండ్రులు దూరాన ఉంటే బడిలో సంతకాలకు, వైద్యానికి ఫలానావారికి అధికారం ఇస్తున్నామని రాసి సంతకం చేసిన పత్రం, వాళ్ల గుర్తింపు కార్డు నకళ్లు ఇంట్లో ఉండాలి. తల్లిదండ్రులు లేని పిల్లలకు 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టులో సంరక్షకులుగా నియమించమని కోరవచ్చు, ఉచిత న్యాయసాయం జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇస్తుంది. అనాథలై బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు, భర్త చనిపోయిన తల్లుల పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు రూ.4,000 సాయం ఉంది, ఆదాయ పరిమితికి లోబడి. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో. తమ తర్వాత పిల్లలను ఎవరు చూడాలన్నది మేనమామతోనో పెద్దమ్మతోనో ఇప్పుడే మాట్లాడి ఒప్పించి పెట్టుకుంటే, ఆ రాత్రికి కొంచెమైనా నిద్ర పడుతుంది.

వాయిదా పడ్డ ఆపరేషన్

ఇన్నేళ్లలో వెనక్కి నెట్టినవన్నీ ‘వీడు స్కూల్లో చేరాక చూద్దాం’ అన్న మాట కిందే పోగుపడతాయి. మోకాలి చిప్ప, గర్భసంచి జారడం, ప్రొస్టేటు, వినికిడి మిషను. అన్నింట్లోకీ ఎక్కువ వాయిదా పడేది కంటి శుక్లం. చూపు మసకైతే గుమ్మం దగ్గర పడి ఉన్న బొమ్మకారు కనపడదు, దాని మీద కాలేస్తే తుంటి ఎముక విరుగుతుంది. కాబట్టి మనవణ్ని చూసుకోవాలనే ఆ ఆపరేషను ముందు చేయించాలి. అదే రోజు ఇంటికి పంపేస్తారు. ఆ తర్వాతే అసలు జాగ్రత్త. కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, పన్నెండు కిలోల మనవడు కూడా బరువే. కంట్లో నీళ్లు పడకూడదు కాబట్టి పిల్లకు స్నానం పోయకూడదు. చుక్కల మందు మొదట్లో రోజుకు ఆరుసార్లు కూడా ఉండొచ్చు, ఆ వేళలు ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి. అంటే ఆపరేషను తేదీతోపాటే కొడుకో కూతురో సెలవు కూడా రాసుకోవాలి. రాత్రి కంటికి ప్లాస్టిక్ డొప్ప పెట్టి పడుకోమంటారు. పక్కలో పడుకున్న మూడేళ్ల పిల్లవాడి చెయ్యి నిద్రలో వచ్చి తగిలేది ఆ కంటికే గనుక, ఆ వారం రోజులూ వాణ్ని అమ్మానాన్నల దగ్గరే పడుకోబెట్టాలి.